హవాలా లెక్కలు

ఉర్దూలో హవాలా అంటే చెప్పిన మాటకు ఆధారం చూపించడం. ఫలానా కితాబులో ఫలానా పేజీలో ఉంది అని చెప్తే అది హవాలా. కర్నూల్లో ఉర్దూ మీడియం బడిలో చదివేటప్పుడు మా ఉస్తాద్ సొంత పైత్యం రాసిన ప్రతి జవాబు పక్కనా ఎర్ర సిరాతో ఒకటే ముక్క రాసేవారు: "హవాలా?" తర్వాత తెలుగులో డిగ్రీ చేసి, పత్రికలో పనికి చేరినాక అదే మాట ఇంకో వేషంలో ఎదురైంది. తెలుగు పేపర్లో హవాలా అంటే దొంగ డబ్బు, కారు డిక్కీలో నోట్ల కట్టలు, పోలీసుల వెనక తలలు దించుకుని నిలబడిన నలుగురు మనుషులు. మొదటి వారం "హవాలా ముఠా గుట్టురట్టు" అన్న హెడ్డింగ్ చూసి నాకు మా ఉస్తాద్ గుర్తొచ్చి నవ్వాగలేదు. పక్క సీట్లో అన్నకు ఎందుకు నవ్వుతున్నానో అర్థం కాలేదు.

ఇరవై ఏళ్ళ తర్వాత ఆ రెండు అర్థాలూ ఒకచోట కలుస్తాయని మాత్రం అనుకోలేదు. అవి కలిసిన చోటు మన యూనివర్సిటీలు.

ముందు నా తప్పు నేను ఒప్పుకుంటా. ఏటా ఒక వార్త జిల్లా ఎడిషన్లకు వస్తుంది: "ప్రపంచంలోని అత్యుత్తమ 2 శాతం శాస్త్రవేత్తల్లో మన ప్రొఫెసర్లు." కడప యోగి వేమన యూనివర్సిటీ నుంచి కూడా ఇలాంటి ఖబర్లు వచ్చాయి. నేనూ రాశాను. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఎంపిక చేసింది అని గొప్పగా రాశాను. ఎవరు ఎంపిక చేశారు, ఎలా చేశారు అని ఒక్కసారైనా అడగలేదు. తర్వాత తెలుసుకున్నది ఏంటంటే, అది స్టాన్‌ఫర్డ్ పిలిచి ఇచ్చే ఇనాము కాదు. అక్కడి ప్రొఫెసర్ జాన్ అయోనిడిస్, ఆయన సహచరులు 2019 నుంచి స్కోపస్ అనే డేటాబేస్ తీసుకుని, ఎవరి పేపర్లను ఎంతమంది హవాలాగా వాడుకున్నారో కంప్యూటర్‌తో లెక్కగట్టి పెట్టే జాబితా. లెక్క మంచిదే. తన పేపర్లకు తానే ఇచ్చుకున్న హవాలాలను తీసేసి ఇంకో లెక్క కూడా అందులో ఉంటుంది. కానీ అది లెక్క, ఎంపిక కాదు. ఈ రెండింటికీ ఉన్న తేడా నా వార్తలో లేదు.

వేమన యూనివర్సిటీ వాళ్ళ కష్టాన్ని తక్కువ చేయడం లేదు. 2006లో మొదలైన యూనివర్సిటీ అది. అక్కడ ఎండను వాడుకుని నీళ్ళ నుంచి హైడ్రోజన్ తీసే ఉత్ప్రేరకాల మీద పని చేసే ల్యాబు ఉంది. కడప ఎండ సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఎండ ఎవరికైనా పనికొస్తుందంటే సంతోషమే. ఆ పేపర్లకు దునియా అంతటా హవాలాలు దొరికితే అది వాళ్ళ కమాయి, హలాల్ కమాయి. నా సవాల్ వేరే. ఆ ల్యాబును తూచే త్రాసుతోనే అన్నిటినీ తూస్తే ఏమవుతుంది అని.

పోయిన రంజాన్లో ఆపా ఇంట్లో ఇఫ్తార్ అయినాక మా భాంజీ ల్యాప్‌టాప్ పట్టుకుని నా పక్కన కూర్చుంది. ఉర్దూలో పీహెచ్‌డీ చేస్తోంది. మజ్మూన్ మన దక్నీ ఆడవాళ్ళ పాటలు. చక్కీనామాలు, లోరీనామాలు, షాదీల్లో ఢోలక్ ముందు పెట్టుకుని పాడేవి. తిరగలి తిప్పుతూ పాడుకునే పాటను చక్కీనామా అంటారు. నానీమా తరానికి అవి నోటికి వచ్చు. తిరగళ్ళే పోయినాక పాటలేం మిగుల్తాయి? ఈ పిల్ల కర్నూలు పాతబస్తీ, నంద్యాల, ప్రొద్దుటూరు, రాయచోటి తిరిగి, ఎనభై దాటిన ముసలమ్మల ముందు ఫోన్ పెట్టి రికార్డు చేస్తోంది. ఒకామె పాట సగంలో ఏడ్చి ఆపేసిందంట, మళ్ళీ వెళ్తే మనిషే లేదంట.

"మామూ, ఒక పేపర్ ఎక్కడైనా వేయాల. ఇంటర్వ్యూలో స్కోపస్ ఎన్ని అని అడుగుతారంట. ఉర్దూ రిసాలాలు స్కోపస్‌లో ఎక్కడున్నాయి?"

స్కోపస్ అంటే ఎల్సెవియర్ కంపెనీ 2004లో మొదలుపెట్టిన జర్నళ్ళ ఖజానా. ఎవరు ఏం రాశారు, దాన్ని తర్వాత ఎవరు వాడుకున్నారు అన్నది అందులో నమోదవుతుంది. వెబ్ ఆఫ్ సైన్స్ అని ఇంకొకటి ఉంది. రెండిట్లోనూ ఇంగ్లీషుదే రాజ్యం. ఉర్దూ, తెలుగు పత్రికలకు అక్కడ చోటు దాదాపు లేనట్టే. అంటే ఈ పిల్ల రాసింది ఉర్దూలో పది మంది చదివి, పది మంది తమ కితాబుల్లో హవాలా ఇచ్చినా, ఆ హిసాబులో ఆమె పేరు ఎదురుగా పడేది సిఫర్.

ఇంకో విషయం చెప్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. ఇవే చక్కీనామాల మీద రిచర్డ్ ఈటన్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1974లో ఇంగ్లీషులో ఒక మకాలా రాశాడు. దక్కన్‌లో ఇస్లాం ఊరి ఆడవాళ్ళ దాకా ఎలా చేరిందో ఆ తిరగలి పాటల్లో చూపించాడు. గొప్ప పని. దక్కన్ సూఫీల మీద ఎవరు రాసినా ఆయన హవాలా లేకుండా రాయరు. పాట అదే, తిరగలి అదే. చికాగో జర్నల్లో వస్తే ఇల్మ్, కర్నూలు ఉర్దూ రిసాలాలో వస్తే రద్దీ కాగితం. ఈటన్ సాబ్ తప్పేమీ లేదు ఇందులో, ఆయన పాటల్ని గౌరవించాడు. గౌరవించనిది త్రాసు.

ఈ త్రాసు పుట్టింది ఇందుకోసం కాదు. యూజీన్ గార్‌ఫీల్డ్ అనే ఆయన 1955లో 'సైన్స్' పత్రికలో ఒక ఆలోచన రాశాడు. ఒక పేపర్ వచ్చినాక దాన్ని ఎవరెవరు వాడుకున్నారో జాబితా ఉంటే, కొత్తగా వెతికేవాడికి దారి దొరుకుతుంది, తప్పుడు పేపర్‌నో పాతబడిన పేపర్‌నో నమ్మి మోసపోకుండా ఉంటాడు అని. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ బయటికొచ్చింది. అది కుతుబ్‌ఖానాలో పనికొచ్చే సాధనం. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అన్నది కూడా ఆ ఇండెక్సులో ఏ పత్రికలు పెట్టాలి అని ఎంచుకోడానికి పుట్టిందే. మనుషుల్ని తూచడానికి కాదు. 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ తెచ్చినాక మనుషుల్ని తూచడం తేలికైపోయింది. పది పేపర్లకు కనీసం పదేసి హవాలాలు ఉంటే హెచ్ పది. ఒక్క అంకె. బయోడేటాలో వయసు పక్కన రాసుకోవచ్చు.

కానీ కెమిస్ట్రీ వాడు ఒక పేపర్‌కు యాభై అరవై హవాలాలు ఇస్తాడు, ఏడాదిలోనే అందుకుంటాడు. తారీఖ్, అదబ్ రాసేవాడు కితాబులు రాస్తాడు, దాని అసర్ తెలియడానికి పదేళ్ళు పడుతుంది. ఒకడు జొన్నలు అమ్ముతున్నాడు, ఒకడు బంగారం తూకం పెడుతున్నాడు. ఎవరిది ఎక్కువ బరువు అని అడిగితే జొన్నలే గెలుస్తాయి.

మన హదీస్ ఇల్మ్‌లో కూడా హవాలా మీదే అంతా నిలబడి ఉంది. ఎవరి నుంచి ఎవరు విన్నారు అన్న సిల్సిలా లేకుండా మాటకు విలువ లేదు. కానీ ఆ ఉలమా సంఖ్య చూసి ఊరుకోలేదు. చెప్పినవాడు ఎలాంటివాడు, యాదాష్త్ ఎలాంటిది, చెప్పిన ఇద్దరూ నిజంగా కలుసుకున్నారా అని మనిషి మనిషినీ విడివిడిగా తరచి చూశారు. అస్మా-ఉర్-రిజాల్ అని దానికే ఒక ఇల్మ్ పుట్టింది. హవాలా లెక్కపెట్టడానికి ఐదు నిమిషాలు చాలు. తూకం వేయడానికి చదవాలి.

చదవడానికి ఓపిక లేని చోటే దుకాణాలు లేస్తాయి. ఆ రోజు భాంజీ ఫోన్లో ఒక వాట్సాప్ సందేశం చూపించింది. మూడు వేల ఐదు వందలు కడితే వారంలో అంతర్జాతీయ జర్నల్లో పేపర్ వేస్తారంట, సర్టిఫికెట్ ఉచితం. ఉర్దూ పేపర్ అయినా పర్వాలేదంట! వేసేవాడికి ఉర్దూ వస్తుందా అని అడిగితే జవాబు లేదు. వారంలో ఎవరు చదువుతారు, ఎవరు తప్పులు చూస్తారు? ఎవరూ చూడరు. అదే ఆ దుకాణం నడిచే కిటుకు.

ఇది ఎక్కడో జరిగే తమాషా కాదు, మన హైదరాబాదుకు ఇందులో పెద్ద పేరు ఉంది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పేపర్లను నిపుణులు పరిశీలిస్తారని చెప్పి పరిశీలించకపోవడం, కట్టాల్సిన రుసుము ముందు చెప్పకపోవడం, ఒప్పుకోని ప్రొఫెసర్ల పేర్లు సంపాదక వర్గంలో వేసుకోవడం ఆరోపణలు. కంపెనీ తన తప్పేమీ లేదంది. 2019 మార్చిలో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు చెప్పింది. ఈ దుకాణాలకు గిరాకీ ఎవరు పంపారు? మన నియమాలే. 2010లో యూజీసీ అధ్యాపకుల పదోన్నతికి పాయింట్ల లెక్క పెట్టింది. 2018 నియమాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి వడపోతలో ఒక్కో పేపర్‌కు 2 మార్కులు, అన్నీ కలిపి 10 దాకా. ఆకలితో ఉన్నవాడి ముందు పది మార్కులు పెట్టి, మూడు వేల ఐదు వందలకు దొరుకుతాయని పక్కన బోర్డు పెడితే ఏం జరగాలో అదే జరిగింది. 2018 మే నెలలో యూజీసీ తన సొంత జాబితా నుంచే 4,305 జర్నళ్ళను తీసేసింది. తర్వాత కేర్ అని కొత్త జాబితా తెచ్చింది, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేసింది. పీహెచ్‌డీ ఇవ్వడానికి పేపర్ వేసి తీరాలన్న షరతును 2022లోనే తీసేశారు. కాగితం మీద షరతు పోయింది, ఇంటర్వ్యూ గదిలో అడిగే సవాల్ పోలేదు.

దేశంలో యూనివర్సిటీలకు ర్యాంకులిచ్చే ఎన్ఐఆర్ఎఫ్ 2016 నుంచి నడుస్తోంది. అందులో 100లో 30 పరిశోధనవి. ఆ ముప్పైలో పెద్ద వాటా పేపర్ల సంఖ్యకు, వాటికి దొరికిన హవాలాలకు. ఆ అంకెలు తీసేది పైన చెప్పిన ఆ రెండు ఖజానాల నుంచే. దొంగ పేపర్లు, వెనక్కి తీసుకున్న పేపర్లు ఎక్కువైపోయి, చివరికి 2025లో వాటికి మార్కులు కోయడం మొదలుపెట్టారు. తెలుగు పత్రిక హవాలా, ఉర్దూ బడి హవాలా కలిసిపోయాయి అన్నది అందుకే. నువ్వు నాకు, నేను నీకు అని ముఠాలు కట్టి హవాలాలు ఇచ్చుకునేవాళ్ళను ఇంకేమంటారు?

ఇప్పుడు కర్నూల్లో ఉన్న డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ యూనివర్సిటీ సంగతి తీసుకోండి. 2016లో వచ్చింది. పేరు చూసి చాలామంది బాబా-ఎ-ఉర్దూ మౌల్వీ అబ్దుల్ హక్ అనుకుంటారు. కాదు, ఆయన వేరే. ఈయన మన కర్నూలు మనిషి, ఉస్మానియా కాలేజీ పెట్టినాయన. ఉర్దూ కోసం పుట్టిన యూనివర్సిటీ ఉర్దూలో పరిశోధన చేయకపోతే ఎందుకు పుట్టినట్టు? చేస్తే ఈ త్రాసులో ఎప్పటికీ పైకి లేవదు. ర్యాంకు లేదని తల్లిదండ్రులు పిల్లల్ని పంపరు, పిల్లలు లేరని నిధులు రావు, నిధులు లేవని ఉస్తాదుల భర్తీ ఉండదు. చివరికి "ఉర్దూ వాళ్ళు చదవరు" అని ఒక ముక్కలో తేల్చేస్తారు.

అయితే నేను మనవాళ్ళ వకాలత్ కూడా పూర్తిగా పుచ్చుకోను. ఉర్దూ శాఖల్లో మనం చేసింది ఏంటి? ఫలానా షాయర్ "హయాత్ ఔర్ కార్నామే" అని థీసిస్. ఆయన పుట్టుక, చదువు, నిఖా, ఆయన మీద నలుగురి తారీఫులు, చివర ఫోటోకాపీలు. షాయర్ పేరు మారుతుంది, మజ్మూన్ మారదు. గైడ్ గారి ఉస్తాద్ మీద ఒకటి, ఉస్తాద్ గారి దోస్తు మీద ఇంకొకటి. తెలుగు శాఖల్లో "ఫలానావారి నవలలు – సమగ్ర పరిశీలన" అని ఇదే వంట ఇంకో గిన్నెలో. నూరేళ్ళ కిందట నసీరుద్దీన్ హాష్మీ 'దక్కన్ మే ఉర్దూ' రాసినప్పుడు, ఆ తర్వాత జోర్ సాబ్ హైదరాబాదులో ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ పెట్టి చేతిరాత కితాబులు పోగు చేసినప్పుడు వాళ్ళను ఎవరూ అంకెలతో తూచలేదు. అయినా చేశారు. మనల్నీ ఉర్దూలో ఎవరూ తూచలేదు, మనం నిద్రపోయాం. సిఫారిష్‌తో ఉద్యోగాలు, ఖాన్‌దాన్ చూసి పదవులు నడిచిన కాలంలో ఏ బంధువూ లేని పిల్లవాడికి "నా పేపర్ చూడండి, నా అంకె చూడండి" అనే దారి ఈ లెక్కలే ఇచ్చాయి. దాన్ని మరచిపోతే బేఇన్సాఫీ. అందుకే లెక్కలు తీసి పారేయమని నేను అనను.

త్రాసు ఇంకొకటి కావాలి అంటున్నా. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం పేరు శనగ వేసే ప్రతి రైతుకూ తెలుసు. మన నల్లరేగడిలో శనగ కోత ఎంత నరకమో కోసినవాళ్ళను అడగండి. మొక్క పొట్టి, కాయలు కిందికి, వంగి వంగి నడుం విరుగుతుంది. ఆకు మీది పులుపుకు చేతులు మండుతాయి. నంద్యాల వాళ్ళు ఎన్‌బీఈజీ 47 అని, ధీర అంటారు, నిలువుగా ఎత్తు పెరిగే శనగ రకం తీశారు. మిషన్‌తో కోయొచ్చు. ఆ శాస్త్రవేత్తల హెచ్-ఇండెక్స్ ఎంతో నాకు తెలీదు, శనగ వేసే మా దోస్తుకూ తెలీదు. వాడు పక్క పొలంలో చూసి, విత్తనం అడిగి తెచ్చుకుని వేశాడు. దాన్ని చూసి వాడి బామ్మర్ది వేశాడు. ఇది కూడా హవాలానే. ఏ ఖజానాలో నమోదవుతుంది?

కడపలో బ్రౌన్ కేంద్రం ఉంది చూడండి. సి.పి. బ్రౌన్ 1820ల్లో కడపలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలు రాయించిన చోట కట్టిన లైబ్రరీ. వేమన పద్యాలు 1829లో, తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో. ఇప్పుడది వేమన యూనివర్సిటీ కిందే ఉంది. కడప జిల్లా మెకంజీ కైఫియత్తులను సంపుటాలుగా వేశారు అక్కడ. కైఫియత్ మన మాటే, ఊరి హాల్ అన్నమాట. మా అబ్బా వాళ్ళ ఊళ్ళో చెరువుకు తూము ఎవరు కట్టారు, ఇనాం ఎవరికిచ్చారు లాంటివి వాటిల్లో దొరుకుతాయి. ఒకే యూనివర్సిటీలో ఒకవైపు ల్యాబు, ఒకవైపు ఈ కితాబులు. ర్యాంకు లెక్కలో ల్యాబుకు వచ్చినన్ని మార్కులు కైఫియత్తులకు రావు. ఎవరూ కావాలని చేసిన అన్యాయం కాదు, ఆ మిషన్‌కు తెలుగు చదవడం రాదు, అంతే. నిఘంటువు రాసిన బ్రౌన్ దొర ఇవాళ ఇంటర్వ్యూకు వస్తే "పేపర్లెన్ని?" అని అడిగి కూర్చోమనకుండానే పంపేస్తారు.

వేరేచోట్ల మేలుకున్నారు. 2015లో లైడెన్ మేనిఫెస్టో పేరుతో కొందరు నిపుణులు పది సూత్రాలు రాశారు. స్థానికంగా అవసరమైన పరిశోధనను ఇంగ్లీషు అంకెలతో చంపొద్దు అన్నది అందులో ఒకటి. బ్రిటన్‌లో నిపుణులు కూర్చుని యూనివర్సిటీల పనిని చదువుతారు. 2021 లెక్కలో నాలుగో వంతు మార్కులు ఆ పరిశోధన బయటి మనుషుల జిందగీలో తెచ్చిన మార్పుకే. పేపర్‌కు నగదు ఇనాములు పంచిన చైనా కూడా 2020లో ఆ ఇనాములు ఆపమని హుకుం వేసింది.

మన దగ్గర 2022లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేస్తూ చట్టం చేశారు. బోర్డుల మీద ఉర్దూ రాయడం కంటే పెద్ద పని ఉంది. తెలుగు, ఉర్దూ పత్రికల్లో ఎవరు ఏం రాశారు, ఎవరి హవాలా ఎవరిచ్చారు అని ఒక నమ్మకమైన ఇండెక్స్ తయారు చేయడం. డబ్బు ఎక్కువ పట్టదు. లైబ్రేరియన్లు, భాష వచ్చిన పిల్లలు, కంప్యూటర్లు కావాలి. కర్నూలు ఉర్దూ యూనివర్సిటీ ఆ పని నెత్తిన వేసుకుంటే దేశానికి మిసాల్ అవుతుంది. ప్రతి థీసిస్‌నూ శోధ్‌గంగలో పెట్టి, తెలుగులో నాలుగు పేజీల ఖులాసా తప్పనిసరి చేయాలి. మన పక్కింటి తెలుగువాడికి మనం ఏం పరిశోధిస్తున్నామో తెలియకుండా, దునియా మమ్మల్ని పట్టించుకోలేదు అనడానికి మనకు ఏం హక్కుంది? పరీక్షకులుగా దోస్తులను కాదు, తప్పు పట్టగలిగేవాళ్ళను పిలవాలి.

పిల్లల్ని యూనివర్సిటీకి పంపే అమ్మీ-అబ్బాలకు నాదో అర్జీ. ర్యాంకు అడగండి, తప్పు లేదు. దాంతోపాటు ఇది కూడా అడగండి: మా పిల్ల రాసిన అధ్యాయం గైడ్ గారు చదువుతారా, ఎన్ని రోజుల్లో చదివి తిరిగిస్తారు? ఈ జవాబు ఏ ర్యాంకుల జాబితాలోనూ లేదు. మూడేళ్ళు చదివిన సీనియర్ పిల్లలు రెండు నిమిషాల్లో చెప్పేస్తారు.

భాంజీ ఆ వాట్సాప్ నంబర్ బ్లాక్ చేసింది. మూడు వేల ఐదు వందలు పెట్టి రికార్డు చేయడానికి ఒక మంచి మైకు కొనుక్కుంది, మిగతాది ఆపా సర్దింది. మొన్న తన మకాలా నాకు పంపింది, తెలుగు ఖులాసా దిద్దిపెట్టమని. కింద హవాలాల్లో ఈటన్ ఉన్నాడు, హాష్మీ ఉన్నాడు. వాళ్ళ కింద, పాడిన ముసలమ్మల పేర్లు ఒక్కొక్కటీ, ఊరు, మొహల్లా, రికార్డు చేసిన తారీఖు. రాయచోటి పాట దగ్గర మాత్రం తారీఖు రాయలేదు. ఎర్ర పెన్ను వెతికి పక్కన రాశాను: "హవాలా?"